పదహారేళ్ల ఊపిరి

సామాన్లు దించిన లారీ ఇంకా గేటు దాటలేదు, ఈ ఇంట్లో గాలి ఆడటం లేదంది కెజియా.

"కర్టెన్లు చూడమ్మా, ఊడిపోయి సముద్రంలో పడేలా ఉన్నాయి. ఇంకెంత గాలి కావాలి నీకు?" అంది తబిత, గిన్నెలున్న అట్టపెట్టె మీద కూలబడుతూ.

పద్నాలుగేళ్లలో అది పదకొండో ఇల్లు. విశాఖపట్నంలో సముద్రం కనబడే వీధులన్నీ అయిపోయాయి, కనబడనివి కూడా కొన్ని అయ్యాయి. తబిత నర్సింగు మూడో ఏడు చదువుతోంది. కాలేజీలో కట్లు కట్టడం నేర్చుకోవడానికి చాలా ముందే అట్టపెట్టెలకు టేపు వేయడం నేర్చుకుంది. తల్లి మాత్రం ఏ ఇంట్లోనూ ఇది నా కుర్చీ అనుకుని కూర్చున్నది లేదు. కాఫీ నిలబడి తాగుతుంది. ఫోను నడుస్తూ మాట్లాడుతుంది. అన్నం కంచం చేత్తో పట్టుకుని, బాల్కనీకీ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ నాలుగు ముద్దలు మింగుతుంది.

కెజియా పేరు తెలియనివాళ్లు ఆ ఊళ్లో తక్కువ. తండ్రి ప్రకాశం పోర్టులో క్రేను నడిపేవాడు. చర్చి కొయిర్‌లో ముందు వరసలో నిలబడి పాడే పిల్ల, పదహారేళ్లకు కాలేజీ పోటీల్లో గెలిచి, 'ఉప్పుగాలి' అని ఒక పాప్ పాట పాడింది. మూడు నెలల్లో ఆ పాట ఆటోల్లో, పెళ్లి బ్యాండ్ల్లో, చేపల రేవులో, ఎక్కడ చూసినా అదే. ఇంటర్ పరీక్షకు వెళ్తే కాపలా మాస్టారు ఆటోగ్రాఫు అడిగాడు. ఆమెతోపాటు మొదలుపెట్టినవాళ్లు ఒకరు బొటిక్ పెట్టుకున్నారు, ఒకరు టీవీలో వంటలు చేస్తున్నారు. కెజియా మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా పాడుతూనే ఉంది. అదే గొంతుతో. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తే పిల్లలా ఉంటుంది ఆ గొంతు. జనం దానికోసమే వచ్చారు, వాళ్ల పిల్లల్నీ తీసుకొచ్చారు.

ఆ గొంతు ఎలా నిలిచిందో ఊరందరికీ తెలుసు. ముప్పై ఒకటో ఏట విజయవాడ స్టేజి మీద, పాట మధ్యలో ఆమె గొంతులో నెత్తురు చిమ్మింది. స్వరతంత్రులు చితికిపోయాయి, ఇక పాట మాట మర్చిపొమ్మన్నారు పెద్ద పెద్ద డాక్టర్లు. అప్పుడు ఇందుమతి ఫోను చేసింది.

ఇందుమతి ఋషికొండ అవతల ఒక స్వర పరిశోధనశాలలో శాస్త్రవేత్త. కెజియాకు పదహారేళ్లప్పుడు, బీచ్‌లో మొట్టమొదటి పెద్ద షో ఉన్న రోజే, మధ్యాహ్నం పూట ఆమెను ల్యాబుకు పిలిపించింది. గొంతులోంచి ఆవగింజంత కండ గిల్లి దాచింది. తలకు సన్నని తీగల జాలీ టోపీ పెట్టి నలభై నిమిషాలు పాడించింది. పాడేటప్పుడు నాలుక, గొంతు, పొట్టమీది కండరం ఏ నరం ఆజ్ఞతో ఎప్పుడు కదులుతున్నాయో అంతా ఆ టోపీ రాసుకుంది. దానికి 'ముద్ర' అని పేరు పెట్టుకుంది ఇందుమతి. ఏదో పరిశోధనట అనుకుని కెజియా ఆ సంగతే మర్చిపోయింది.

పదిహేనేళ్ల తర్వాత ఆ ఆవగింజలోంచి ఇందుమతి కొత్త పొర పెంచింది. చితికిన తంత్రుల మీద దాన్ని కప్పింది. పొర ఒక్కటే చాలదు, దాన్ని నడిపే విద్య కూడా కావాలి. అందుకు మూడు వారాలపాటు కెజియా నిద్రలో ఆ టోపీ పెట్టుకుంది. పదహారేళ్ల కెజియా నరాలు ఎలా కదిలాయో ముప్పై ఒక్కేళ్ల కెజియా నరాలకు టోపీ నేర్పింది. మూడు వారాల తర్వాత నోరు తెరిస్తే, 'ఉప్పుగాలి' పాడిన పిల్ల గొంతు. కెజియా ఏడ్చింది, ఇందుమతి ఏడ్చింది, గాజు తలుపు అవతల అన్న ఏబెల్ మోకాళ్ల మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పాడు.

పొర ఏడేళ్లు ఉంటుంది. ముప్పై ఎనిమిదో ఏట మళ్లీ వేయించుకుంది. ఇప్పుడు నలభై అయిదు. మళ్లీ వేళయింది.

మొదటిసారి పొర వేసినప్పుడు తబితకు అయిదేళ్లు. ఆస్పత్రి నుంచి వచ్చిన తల్లి "తబీ" అని పిలిస్తే మంచం కింద దూరింది. "ఎవరో అక్క వచ్చింది" అని తండ్రికి చెప్పింది. రెండో రోజుకు అలవాటు పడింది కానీ, అంతకు ముందటి గొంతు గుర్తుండిపోయింది. పొర పాతబడే చివరి నెలల్లో తల్లి మాటలో కొంచెం బొంగురు వస్తుంది. ఆ నెలల్లో తబిత ఏ వంక దొరికినా తల్లి పక్కన చేరి కబుర్లు చెప్పించుకునేది. ఎందుకో కెజియా ఎన్నడూ అడగలేదు, అడిగేంతసేపు ఒకచోట నిలవలేదు.

భర్త సుదర్శనం నిదానస్తుడు, లెక్కల మాస్టారు. "నీతో కాపురం రైల్వే ప్లాట్‌ఫారం మీద కాపురంలా ఉంది కెజియా. ఎప్పుడు ఏ బండి వస్తుందో తెలీదు" అన్నాడొక రోజు. అరవలేదు, తిట్టలేదు. రాజమండ్రికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

కెజియాకు నలభయ్యో ఏట తండ్రి పోయాడు. సమాధి దగ్గర పాడమన్నారు. ఆయనకు ఇష్టమైన కీర్తనే ఎత్తుకుంది. గుండె బండలా ఉంది, కళ్లు మండుతున్నాయి, కానీ నోట్లోంచి వచ్చిన పాట ప్రైజు గెలుచుకున్న పిల్ల పాటలా తుళ్లుతూ వచ్చింది. రెండు చరణాలు పాడేసరికి జనం తలలెత్తి చూశారు. మేనత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్య పోయాడన్న బాధ లేదేటే దీనికి?" అంది పక్కావిడతో. కెజియాకు ఆ మాట వినబడింది. పాట ఆపేసింది. ఆ తర్వాత చర్చిలో ఎప్పుడూ పాడలేదు.

ఇల్లు మారిన మూడో రోజు మధ్యాహ్నం, ఇంకా విప్పని పరుపుచుట్టకు ఆనుకుని కెజియా నిద్రపోయింది. తబితకు మర్నాడు ప్రాక్టికల్స్. రోగి ఊపిరి లెక్కపెట్టడం సాధన చేయాలి. తల్లి ఎదురుగా మఠం వేసుకుని, వాచీ చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై ఎనిమిది.

తప్పు లెక్కపెట్టాననుకుంది. మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై ఏడు. నిద్రపోయే మనిషికి పద్నాలుగో పదిహేనో ఉండాలి. జ్వరం లేదు, ఆయాసం లేదు. ఛాతీ పైపైన ఎగురుతోంది, మెట్లెక్కి వచ్చి తలుపు ముందు నిలబడ్డ మనిషిలా. నాలుగు రోజులు చూసింది, కాగితం మీద రాసుకుంది. అయిదో రోజు తల్లి ల్యాబుకు వెళ్తుంటే "నేనూ వస్తానమ్మా" అని బయల్దేరింది.

ల్యాబులో ఇందుమతి గాజుగొట్టం ఎత్తి చూపించింది. అందులో ఉల్లిపొరంత పల్చగా, తడిగా ఏదో ఉంది. కింద నుంచి గాలి వదిలితే అది రెపరెపలాడింది, సన్నగా ఈలలాంటి చప్పుడు వచ్చింది.

"ఇదిగో నీ కొత్త పొర. సోమవారం వేసేస్తే, నాలుగు నెలల తర్వాత జరిగే నీ పాట ముప్పయ్యో ఏటి షోకి సిద్ధం" అంది.

"సోమవారం దాకా ఎందుకక్కా? రేపే వేసెయ్యి" అంది కెజియా, గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతూ.

తబిత కాగితం బల్ల మీద పెట్టింది. "మేడం, ఇది ఒకసారి చూడండి. అమ్మ నిద్రపోతున్నప్పటి లెక్క."

ఇందుమతి కళ్లద్దాలు సవరించుకుని చూసింది. తర్వాత కళ్లద్దాలు తీసేసింది. అరవైకి దగ్గరపడిన మనిషి, ఆ కాసేపట్లో ఇంకో పదేళ్లు పెద్దదైనట్టు కనబడింది.

"ఎవరో ఒకరు లెక్కపెడతారనుకున్నాను. నీ కూతురు పెడుతుందనుకోలేదు" అంది చివరికి.

"ఏంటక్కా?"

"కూర్చో కెజియా."

"నిలబడే వింటాను, చెప్పు."

ఇందుమతి కంప్యూటరులో ఒక పాత రికార్డు పెట్టింది. ముందు కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత ఒక పిల్ల గొంతు. "అయిపోయిందా మేడం? నేను ఎల్లాలి. సాయంత్రం బీచ్‌లో నా షో ఉంది. మా అన్నయ్య బయట ఉన్నాడు." పడుచు ఇందుమతి గొంతు ఏదో సర్దిచెప్పింది. ఒక పాట. మళ్లీ, "ఇంకెంతసేపు మేడం? ఎల్లిపోవచ్చా?" నలభై నిమిషాల్లో ఆరుసార్లు అడిగింది ఆ పిల్ల. మాటకీ మాటకీ మధ్య ఊపిరి, పైపైన, గబగబా.

"టోపీ నీ పాటనే రాసుకుంటోందనుకున్నాను ఆ రోజు. పాట ఊపిరి మీద నడుస్తుంది. నీ ఊపిరి ఆ రోజు స్టేజి ఎక్కబోయే పిల్ల ఊపిరి. భయం, సంబరం, తొందర, అన్నీ అందులోనే ఉన్నాయి. ముద్రతోపాటు అదీ నీ ఒంట్లోకి వచ్చేసింది."

కెజియా నడక ఆగింది. "ఇన్నేళ్లూ నేను షోకి ఎల్లబోతూనే ఉన్నానా?"

ఇందుమతి తల దించుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండోసారి వేసిన ఏడాదికి. దాన్ని విడదీయాలని ఎంత కష్టపడ్డానో ఆ దేవుడికే తెలుసు. పాలల్లో కలిసిన నీళ్లు కెజియా, రాలేదు. ముద్ర లేకుండా పొర ఒక్కటే వేసి చూశాను వేరేవాళ్లకి. పొర ఉంది, గొంతు రాలేదు."

"అంటే మా నాన్న పోయినప్పటికే నీకు తెలుసు."

"తెలుసు."

"సమాధి దగ్గరకొచ్చావు. నా వెనకే నిలబడ్డావు. నేను పాడింది విన్నావు."

"విన్నాను."

"ఆ రాత్రి నీ ఒళ్లో తలపెట్టుకుని, నేను రాక్షసినా అక్కా అని అడిగాను. ఏమన్నావు?"

ఇందుమతి రికార్డు ఆపేసింది. ఆ రోజు ఆమె కెజియా తల నిమిరి, అలసిపోయావమ్మా, పడుకో అంది. అంతే అంది.

"నువ్వు పాడుతున్నావు కదా అనుకున్నాను" అంది ఇప్పుడు. "లక్షలమంది వింటున్నారు కదా అనుకున్నాను. నా పని నిలబడింది కదా అని కూడా అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి."

కెజియా బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది. తబిత వెనకే పరుగెత్తబోయింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "ముద్ర తీసేయొచ్చా మేడం?" అని అడిగింది.

"అదే టోపీతో చెరిపేయొచ్చు. పొర కూడా తీసేయాలి. తీసేశాక అడుగున మీ అమ్మ సొంత గొంతు ఏం మిగిలిందో నాకు తెలీదు తల్లీ. అసలేమీ మిగలకపోవచ్చు."

ముద్ర తీయించుకోవచ్చన్న సంగతి తల్లికీ, మేనమామ ఏబెల్‌కూ చెప్పింది తబితే. అతను తన స్టూడియోలో, మిక్సింగ్ బల్ల ముందు కూర్చుని షో కోసం పాటలు సర్దుకుంటున్నాడు. చర్చి కొయిర్ రోజుల నుంచి చెల్లెలి సౌండు చూసేది అతనే. పెళ్లి చేసుకోలేదు, ఇంకో గాయని దగ్గర పని చేయలేదు. ఆ సాయంత్రమే చెల్లెలింటికి వచ్చాడు.

"ఏటే, తీయించేస్తావా? పిచ్చెక్కిందా నీకు?"

"ఊపిరాడట్లేదు అన్నయ్యా."

"ఇన్నాళ్లూ ఆడిందిగా!"

"ఆడలేదు. ఆడనట్టు నాకు తెలీలేదు, అంతే."

ఏబెల్ బాల్కనీ గడప మీద కూర్చున్నాడు. కోపం తీసి పక్కన పెట్టి, చిన్నగా అన్నాడు. "ఆ గొంతు నీ ఒక్కదానిదేనేటి? నాన్న క్రేను దిగి ఇంటికొచ్చి, అన్నం తినకముందు నీ పాట పెట్టించుకునేవాడు. నేను ముప్పై ఏళ్లుగా దాన్ని పసిపిల్లలా ఎత్తుకు తిరిగాను. అది పోతే నేనెవర్ని? నాకింకేటొచ్చు?"

అన్న చెప్పింది నిజమే. అన్న ఎదురుగా కూర్చుందామనుకుంది, కాళ్లు కూర్చోనివ్వలేదు. అతను లేచి వెళ్లిపోయేదాకా ఆ గదిలో గోడలు కొలుస్తూనే ఉంది.

పది రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది. ఒక రోజు తబిత ఆమెను ఇసకలో బలవంతంగా కూర్చోబెట్టింది. "నేను లెక్కపెడతాను, మెల్లగా తీసుకో. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వదులు." కెజియా తీసుకుంది. నాలుగు ఊపిర్లు కుదిరాయి. అయిదోదానికి లోపలెవరో చెయ్యి పట్టి గుంజినట్టు ఛాతీ ఎగిరింది, కాళ్లు తమంతట తామే లేచాయి. నిలబడి కిందికి చూస్తే, కూతురు ఇంకా వేళ్ల మీద లెక్క పట్టుకుని ఇసకలో కూర్చునే ఉంది.

"ఆ పిల్లను ఇంటికి పంపించేద్దాం తబీ" అంది కెజియా.

మూడు వారాలు టోపీ. పొర తీశారు. ఇందుమతి దగ్గరుండి అంతా చేసింది. కెజియా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత మాట్లాడదామన్నా మాట లేదు.

నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నెల. రెండు నెలలు. షో వాయిదా వేశారు. పేపర్లలో ఏవేవో రాశారు, ఇంటి ముందు కొన్నాళ్లు కెమెరాలు నిలబడ్డాయి, తర్వాత అవీ పోయాయి. కెజియా మాటలన్నీ పలక మీద రాసింది. ఇంటి ఓనరు వచ్చి అద్దె కాగితం ఎన్ని నెలలకు రాయాలని అడిగితే, పలక మీద 'మూడేళ్లు' అని రాసింది. తబిత ఆ పలకను ఫోటో తీసి తండ్రికి పంపింది.

మూడో నెలలో ఒక ఉదయం కెజియా దోసెలు వేస్తోంది. కారణమేమీ లేదు. తండ్రికి అంచు మాడిన దోసె ఇష్టమని గుర్తొచ్చింది. అట్లకాడ చేతిలో ఉండగానే, పొట్టలో ఎక్కడో అడుగు నుంచి ఒక చప్పుడు లేచి గొంతులోంచి బయటికి వచ్చింది. మొరటుగా, బరువుగా, పశువు ఏడుపులా ఉంది. అది తన గొంతేనని ఆమెకు వెంటనే తెలియలేదు. తబిత గదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. అయిదేళ్ల కిందట రావాల్సిన ఏడుపు ఆ ఉదయమంతా వచ్చింది. తబిత పక్కన కూర్చుని వీపు నిమురుతూనే ఉంది. ఎండ గడప దాటి లోపలికొచ్చాక కెజియా ముక్కు చీదుకుని, బొంగురుగా, "తబీ, ఆకలేస్తోంది" అంది.

తబిత నవ్వబోయి ఏడ్చేసింది.

గొంతు మెల్లగా తేరుకుంది. కింది స్థాయిలో ఆరేడు స్వరాలు పలుకుతాయి. పైకి వెళ్తే చీలిపోతుంది. ఆ ఆరేడు స్వరాలతోనే షో చేస్తానంది కెజియా. వద్దన్నారు అందరూ. ఏబెల్ వద్దనలేదు, సరే అనలేదు. బల్ల సర్దుకుని వచ్చాడు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు హాలు నిండింది. నలభైలు దాటినవాళ్లు, వాళ్ల పిల్లలు. కెజియా నూలు చీర కట్టుకుని వచ్చి, మైకు ముందు నిలబడి 'ఉప్పుగాలి' ఎత్తుకుంది. బాగా కింది స్థాయిలో, నెమ్మదిగా. రెండు లైన్లు అయ్యేసరికి హాల్లో గుసగుసలు. మూడో లైనులో గొంతు చీలింది. వెనక వరసలోంచి ఎవరో ఆడమనిషి అరిచింది. "పాత గొంతు పెట్టండి!"

ఇంకొందరు అందుకున్నారు. కెజియా మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ చీలింది. హాలు చివర బల్ల దగ్గర ఏబెల్ చెల్లెలి ముఖం చూశాడు. ఆమె అలా నిలబడటం భరించలేకపోయాడు. పాత ట్రాకు తెరిచాడు.

పదహారేళ్ల గొంతు హాలంతా మార్మోగింది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. కెజియా నోరు మూసుకుని నిలబడింది. మొదట ఒళ్లంతా మండింది. తర్వాత వినసాగింది. ఆ పాటను ఆమె వేలసార్లు పాడింది, స్టేజి కింద నిలబడ్డ మనిషిలా ఒక్కసారీ వినలేదు. ఎంత బాగుంది! ఎంత తొందరగా ఉంది! లైను చివర నిలవదు, మాట పూర్తి కాకముందే తర్వాతి మాట మీదికి దూకుతుంది. ఎవరూ తరమకుండానే పరుగెడుతోంది పిల్ల. ఎవరైనా పిలిచి మంచినీళ్లిస్తే బాగుండుననిపించింది.

పాట అయ్యేదాకా ఆగింది. జనంతోపాటు చప్పట్లు కొట్టింది. తర్వాత అన్న వైపు చూసి చెయ్యి ఎత్తింది, ఇక చాలన్నట్టు. ఏబెల్ ట్రాకు మూసేశాడు. అంత దూరం నుంచీ అతని భుజాలు కదలడం కనబడింది.

"ఆ పిల్ల బాగా పాడింది" అంది కెజియా మైకులో, తన బొంగురు గొంతుతో. "తనకి వేరే పనుందట, ఎల్లిపోయింది. ఇప్పుడు నేను పాడతాను. ఎల్లాలనుకున్నవాళ్లు ఎల్లండి, నేనేమీ అనుకోను."

కొందరు లేచారు. కుర్చీల చప్పుడు, తలుపుల చప్పుడు. మూడోవంతు హాలు ఖాళీ అయింది. కెజియా వాళ్లందరూ బయటికి వెళ్లేదాకా నిలబడింది. ముందు వరసలో కూర్చున్న తబిత వాచీ వంక చూడలేదు, తల్లినే చూస్తోంది. చివరి తలుపు మూసుకున్నాక కెజియా మొదటి లైను పాడింది. లైను చివర ఆగి, ఊపిరి తీసుకుంది. పొట్ట నిండా తీసుకుంది. మిగిలినవాళ్లు ఎదురుచూశారు. ఎవరూ కదల్లేదు. ఆమె నింపాదిగా రెండో లైను అందుకుంది.